కలాపూర్ణోదయమున వేశ్యానాయిక

వేశ్య నాయికయై తన పుట్టుకకుగాని, తన కోరికకుగాని సిగ్గుపడక నిలుచుట ఆధునిక నవలాకారుల కల్పన యని పలువురు తలంతురు. నంద్యాల సీమ కావ్యమొకటి ఈ తలంపునకు అడ్డు వచ్చుచున్నది. పింగళి సూరన 16వ శతాబ్దమున రచించి నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చిన కలాపూర్ణోదయమే యది. ఎనిమిది ఆశ్వాసముల ఈ కావ్యమును నవలవలె చదువుట మాతో మొదలైనది కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దీని కథాసంవిధానమును మిక్కిలి కొనియాడిరి. 2002లో ఆంగ్లానువాదము వెలువరించిన వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌గారలును దీని నవలాస్వభావమును నొక్కి చెప్పిరి.

కథానాయిక కలభాషిణి ద్వారకలోని వేశ్య. చెలులతో ఉద్యానమున ఉయ్యాలలూగుచుండగా, ఆకసమున విమానముపై పోవు రంభానలకూబరులను చూచెను; నలకూబరునిపై మనసు నిలిపెను. ఇచట మేము గమనింపదగినదిగా నెంచునది, కవి ఆమెచే తన కోరికకై ఎవరికిని క్షమాపణ చెప్పింపకుండుట. ఆమె ధనమాశింపదు, విటుని వంచింపదు. నారదునితోపాటు కృష్ణుని అంతఃపురమున సంగీతమభ్యసించును. పిదప రంభారూపము దాల్చి ప్రియుని చేరును. ఆ ప్రియుడును నిజమైన నలకూబరుడు కాడు, ఆ రూపము దాల్చిన మణికంధరుడు! అసలు రంభ వచ్చి ఈమెతో కలహించునప్పటి హాస్యము తెలుగున అరుదు.

సారంగు తమ్మయ వైజయంతీవిలాసమును దీని ప్రక్కన నుంచి చూతము. అచట దేవదేవి పందెము వేసికొని విప్రనారాయణుని వ్రతము చెరచును. ఆమె కోరిక పురుషుని పరీక్షకు సాధనము మాత్రమే. కలభాషిణి కోరిక ఆమెదే, కథను నడపునదియు నదియే. అదే కావ్యమున కులస్త్రీయగు సుగాత్రి తల్లి ప్రోద్బలముచే ఎంత అలంకరించుకొన్నను భర్త శాలీనుని మనసు కదలదు. తోటపనిలో అతనికి తోడ్పడిననాడే కదలును. అలంకారము వేశ్యది, శ్రమ కులస్త్రీది యను లెక్క సూరనకు రుచింపలేదు కాబోలు.

నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము పోవువారికి చెంచులక్ష్మి కథ నోటనున్నది. కలభాషిణి పేరెరిగినవారు వారిలో ఎందరు? ఇట్టి నాయికలపై తరువాతి కాలము చిన్నచూపు చూచెను. ముద్దుపళని రాధికాసాంత్వనమును వీరేశలింగముగారు అశ్లీలమని గర్హించిరి. దేవదాసీ కులజ బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని ప్రకటింపగా, ప్రభుత్వము 1911లో నిషేధించెను; ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. స్త్రీ తానే వ్రాసిన శృంగారము నేరమయ్యెను.

సూరన సైతము హద్దు దాటలేదనవచ్చును. కలాపూర్ణుని రాణి యగుటకు కలభాషిణికి మరుజన్మము కావలసెను. మదాశయ మహారాజునకు మధురలాలసయై పుట్టవలసెను. ద్వారక వేశ్యను వేశ్యగానే సింహాసనమెక్కించు ధైర్యము ఆ కవికి లేకపోయెననుట అన్యాయము కాదు. కాని అతడు వేరొక పని చేసెను. మణిహారము మెడలో పడినంతనే పసిబిడ్డయగు మధురలాలసకు నోరు వచ్చును. నిండు కొలువున, కన్నవారును, కాబోవు భర్తయు వినుచుండగా, ఆ శిశువే తన పూర్వకథ చెప్పును. ఆ కథలో వేశ్యాజన్మమును ఆమె దాచదు.