వేగంతో ఆట

స్వీడిష్ భాషలో 'ఫార్ట్' అంటే వేగం, 'లెక్' అంటే ఆట. రెండూ కలిస్తే 'ఫార్ట్‌లెక్'. మాట్లాడేవారు కోటికి అటూ ఇటూగా ఉండే ఒక చిన్న భాష మాటను ఇంగ్లీషువాళ్లు కూడా చాలావరకు అలాగే వాడుకుంటున్నారు. పొరుగు రాష్ట్రంలో తెలుగు మాటను కాపాడుకుంటూ బతికే మనబోటివాళ్లకు ఇది కాస్త సంతోషం కలిగించే సంగతే.

పద్ధతి సులువు. కబ్బన్ పార్కులో నెమ్మదిగా పరుగెడుతూ, బుద్ధి పుట్టినప్పుడు ఎదుటి వెదురుపొద దాకా ఊపందుకోవడం, ఆయాసం వస్తే తగ్గడం, ఊపిరి కుదుటపడ్డాక మరో చెట్టును గురిపెట్టుకోవడం. ఎన్నిసార్లు, ఎంత దూరం అన్న లెక్క లేదు. బడి వదిలాక పిల్లలు ఇంటికి వచ్చేది ఇలాగే, వాళ్లకెవరూ నేర్పలేదు.

కన్నడంలో పరుగును 'ఓట' అంటారు. కొత్తగా వచ్చిన తెలుగువాడి చెవికి అది ఓటమిలా వినిపిస్తుంది. ఫార్ట్‌లెక్ నిజంగానే ఓటమిలోంచి పుట్టింది. 1920లలో దూరపు పరుగుల్లో ఫిన్లండ్‌దే రాజ్యం. ఆ దేశపు పావో నూర్మి మూడు ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు గెలిచాడు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, సెకన్లు లెక్క చూసుకుంటూ పరుగెత్తిన మనిషి. పక్కింటి స్వీడన్‌కు ఇది తలవంపులు. 1930లలో యోస్టా హోల్మెర్ అనే స్వీడిష్ శిక్షకుడు తన కుర్రాళ్లను ట్రాక్ మీంచి అడవిబాటల్లోకి మళ్లించాడు. మెత్తటి నేల, ఎత్తుపల్లాలు, ఇష్టమైన వేగం.

ఫలితం యుద్ధకాలంలో కనిపించింది. స్వీడన్ తటస్థ దేశం గనుక అక్కడ పోటీలు ఆగలేదు. అగ్నిమాపక ఉద్యోగి గుండర్ హెగ్, బడిపంతులు ఆర్నె ఆండర్సన్ ఇద్దరూ మైలు రికార్డును చెరి మూడుసార్లు అందుకున్నారు. 1942 జులైలో 4 నిమిషాల 6.2 సెకన్లు, 1945 జులై నాటికి 4 నిమిషాల 1.4 సెకన్లు. ఆ చివరి అంకె హెగ్‌ది. 1954లో రోజర్ బానిస్టర్ నాలుగు నిమిషాల గోడ దాటేవరకు, దాదాపు తొమ్మిదేళ్లు నిలిచింది. (హెగ్‌ను హోల్మెర్ శిష్యుడనడం అంత సరికాదు. ఉత్తరాది కొండల్లో వోలోదాలెన్ దగ్గర అతనికి దారి చూపినవాడు యోస్టా ఒలాండర్ అనే మరొకాయన. అయితే అక్కడిదీ అడవిపరుగే.)

1946లో ఇద్దరినీ జీవితాంతం నిషేధించారు. పోటీలకు ఖర్చులకు మించి డబ్బు పుచ్చుకున్నారన్నది నేరం. అప్పటికి హెగ్‌కు 27, ఆండర్సన్‌కు 28. ఏళ్ల తరబడి లెడ్జర్లు చూసినవాణ్ని గనుక నా చూపు ఇక్కడే ఆగిపోతుంది. గేటు వసూళ్లు నిర్వాహకుల ఖాతాలో జమ అయితే ధర్మం, అందులో పిసరంత పరుగెత్తినవాడి జేబులో పడితే పాపం! ఇదేం పద్దు?

ఈ పద్దులో హోల్మెర్ పేరు కూడా ఉంది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ డెకాథ్లాన్‌లో ఆయనది నాలుగో స్థానం. గెలిచిన జిమ్ థోర్ప్ అంతకుముందు డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో అతని పతకాలు లాగేసుకున్నారు. హోల్మెర్ మూడో స్థానానికి జరిగాడు. అంటే గురువుగారికి కాంస్యం తెచ్చిపెట్టిన నిబంధనే, ఆయన దేశపు మేటి పరుగువీరుల కాళ్లు విరిచింది. మధ్యలో 1932లో నూర్మిని కూడా ఇదే కారణంతో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు రానివ్వలేదు. అప్పుడు అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షుడు సిగ్‌ఫ్రిడ్ ఎడ్‌స్ట్రోమ్, స్వీడన్ దేశస్థుడే. పొరుగువాడి మీద వాడిన కత్తి పద్నాలుగేళ్లకు ఇంటికి తిరిగొచ్చింది.

ఇవాళ ఆ నియమం లేదు. బెంగళూరులో 2008లో మొదలైన పది కిలోమీటర్ల పరుగుకు బహుమతి సొమ్ము ఎంతో ముందే పత్రికల్లో ప్రకటిస్తారు. మార్పు 1982లో వచ్చింది. క్రీడాకారుడి సంపాదనను ట్రస్టు ఖాతాలో జమ చేసుకోవచ్చని అంతర్జాతీయ సంఘం ఒప్పుకుంది. థోర్ప్ పతకాలు తిరిగి ఇవ్వాలని నిర్ణయించిందీ ఆ ఏడాదే. అతను 1953లోనే పోయాడు. హెగ్, ఆండర్సన్ మాత్రం బతికే ఉన్నారు. అప్పటికి ఇద్దరికీ అరవై దాటాయి.