క్రోమార్టీ మండలము

స్కాట్లండు నుత్తరభాగమున నుండిన క్రోమార్టీ మండలము తునకలు తునకలై రాస్ మండలము నడుమఁ జెదరియుండెను. ఇది ప్రకృతి చేసిన విభాగము గాదు. టార్బట్ ప్రభువగు జార్జి మెకంజీ 1685లో నొక శాసనమును, 1690లో మఱొక శాసనమును జేయించి, పలుచోట్లనున్న తన భూములను క్రోమార్టీలోఁ జేర్పించెను. ఒక భూస్వామి పొలముగట్లే మండలపుటెల్లలైనవి! ఈ వింత రెండువందల యేండ్లు సాగినది. తుదకు 1889 సంవత్సరపు శాసనము రెండు మండలములను గలిపెను. పేరుమాత్ర మేకశేషము గాక, ద్వంద్వమై, రాస్-క్రోమార్టీ యని నిలిచెను. 1975లో నదియు రద్దయి, ప్రధానభూభాగము హైలాండు ప్రాంతమునను, లూయిస్ ద్వీపము పశ్చిమద్వీపములలోను జేరినవి. ఆ లూయిస్ నందలి స్టోర్నోవే పట్టణమే మన గ్రామకైఫీయతులను సేకరింపించిన కాలిన్ మెకంజీకి జన్మస్థానము. అతఁడు పుట్టిననాఁ డది రాస్ మండలములోనిది. రాస్-క్రోమార్టీలోఁ బుట్టెనని వ్రాయుట కాలవిరుద్ధము.