బాలలపై లైంగిక నేరాలు: భారతదేశంలో శిక్షల చరిత్ర

1860 నాటి భారత శిక్షాస్మృతి పదేళ్ళు నిండని బాలికతో లైంగిక చర్యను, సమ్మతితో పనిలేకుండా, అత్యాచారంగా పరిగణించింది. పదేళ్ళు దాటితే భార్యకు ఆ రక్షణా లేదు. 1890లో కలకత్తాలో ఒక బాలవధువు భర్త చేసిన బలాత్కారంతో చనిపోయింది. ఆమెకు పదేళ్ళు దాటినందున అత్యాచార నేరం అతనికి వర్తించలేదు. ఏడాది శిక్షతో బయటపడ్డాడు. ఆ మరణం రేపిన కలవరంతో 1891లో వయోపరిమితిని 12కు పెంచారు. అది 16కు చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

1983 సవరణ 12 ఏళ్ళ లోపు బాలికపై అత్యాచారానికి కనీసం పదేళ్ళ జైలు విధించింది. అయితే తగిన కారణాలు రాసి అంతకంటే తగ్గించే వెసులుబాటును జడ్జీలకు వదిలింది. మగపిల్లల గోడు వినే ప్రత్యేక చట్టమే లేదు.

2007లో కేంద్ర ప్రభుత్వ అధ్యయనం వెలువడింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఇళ్ళలో అణిగిపోయిన మాట మొదటిసారి అంత పెద్ద లెక్కగా బయటికొచ్చింది. 2012 నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు, పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. ఆడ, మగ తేడా లేకుండా 18 ఏళ్ళ లోపు అందరికీ అది వర్తిస్తుంది. అత్యాచారానికి కనీసం ఏడేళ్ళు, పోలీసో టీచరో బంధువో చేస్తే కనీసం పదేళ్ళు శిక్ష పెట్టింది. నేరం తెలిసీ చెప్పకపోవడమూ నేరమే అయింది. కేసు విచారణకు తీసుకున్నాక వీలైనంత వరకు ఏడాదిలో తేల్చాలి, సాక్ష్యమిచ్చే బిడ్డకు నిందితుడు కనబడకూడదు. నా దృష్టిలో శిక్షల అంకెలకంటే పెద్ద మార్పు ఇదే.

కఠువా, ఉన్నావ్‌లలో బాలికలపై జరిగిన అత్యాచార ఘటనల తర్వాత 2018లో శిక్షాస్మృతి సవరణ 12 ఏళ్ళ లోపు బాలికపై అత్యాచారానికి మరణశిక్షను చేర్చింది. 2019 పోక్సో సవరణ తీవ్ర నేరాల్లో మగపిల్లల విషయంలోనూ దాన్ని వర్తింపజేసి, కనీస శిక్షను 20 ఏళ్ళకు పెంచింది. ఆ ఏడాదే వరంగల్‌లో తొమ్మిది నెలల పసిగుడ్డుపై అత్యాచారం, హత్య జరిగిన కేసులో 48 రోజుల్లో ఉరిశిక్ష పడింది. తెలంగాణ హైకోర్టు దాన్ని జీవితాంతం ఖైదుగా మార్చింది.

ఉరిపై అభ్యంతరాలూ బలమైనవే. అత్యాచార చట్టాలను పరిశీలించిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే మరణశిక్షను సిఫారసు చేయలేదు. పోక్సో కేసుల్లో అత్యధికంగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్ళే. మేనమామకో పక్కింటాయనకో ఉరి పడుతుందంటే ఇంటివాళ్ళే ఆ బిడ్డ నోరు నొక్కుతారన్నది బాలల హక్కుల కార్యకర్తల భయం. శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత మాత్రం ఇంకో అడుగు ముందుకేసి, 18 ఏళ్ళ లోపు ఏ బాలికపై సామూహిక అత్యాచారానికైనా మరణశిక్ష వేయవచ్చంది.