పోతన భాగవతం – పూరణ

బమ్మెర పోతన 15వ శతాబ్దంలో తెలుగు చేసిన శ్రీమద్భాగవతంలో నేడు కనిపించే ఇతర కవుల భాగాలకే పూరణ అని వ్యవహారం. కవి స్వగ్రామంగా తెలంగాణలో చెప్పుకొనే బమ్మెర, 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో పాలకుర్తికి దగ్గరి ఊరు.

నవలాకారుడైతే తొలి చిత్తును తానే కొట్టివేసి మలి ప్రతి రాసుకుంటాడు. ఇక్కడ మలి చేయి వేరేవాళ్లది. పన్నెండు స్కంధాల్లో పంచమం గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ రచనలు. ఈ సంగతి తెలిపేది స్కంధాంత గద్యలే. పోతన గద్యలో తండ్రి కేసన పేరు, సహజపాండిత్యం అన్న మాట ఉంటాయి. గంగన బొప్పన కొడుకునంటాడు. నారయ పోతనకు ప్రియశిష్యుణ్ణని చెప్పుకొన్నాడు. దొంగచాటు అతుకు కాదన్నమాట!

ఈ పూరణ ఎందుకు కావలసివచ్చిందంటే, రాజైన సర్వజ్ఞ సింగభూపాలుడు గ్రంథాన్ని భూమిలో పాతించగా కొంత శిథిలమైందన్నది ప్రసిద్ధ కథ; దాన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. తాటాకు ప్రతులు చెదలకు, తేమకు చెడిపోవడం మామూలే. పూరణ భాగాలు కథను నడిపిస్తాయి గానీ, గజేంద్రమోక్షమున్న అష్టమ స్కంధపు ధార వాటిలో లేదు.