హోషంగాబాద్ విజ్ఞాన బోధన

నర్మదా తీరాన ఉన్న హోషంగాబాద్, అనగా నేటి నర్మదాపురం జిల్లాలో, 1972లో 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో కొత్త విజ్ఞాన బోధన ప్రారంభమైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ మధ్యప్రదేశ్ ప్రభుత్వ అనుమతితో దీనిని చేపట్టాయి. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు గల బాలబాలికలు పాఠం వల్లించుట మాని, నలుగురేసి జట్లుగా కూర్చొని విత్తనాలు మొలకెత్తించారు, పువ్వులను విప్పి పరిశీలించారు, కొలిచారు, కనుగొన్నది తామే వ్రాసుకున్నారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, తుమ్మముళ్లు సైతం పరికరాలయ్యాయి.

1978లో ఈ పద్ధతి జిల్లా అంతటికీ విస్తరించగా, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యతను స్వీకరించింది. అయితే పరికరాల కంటె గొప్ప మార్పు పరీక్షలో వచ్చింది. పుస్తకం చూసి జవాబు వ్రాయవచ్చును. కాని ప్రయోగం చేతితో చేసి చూపవలసిందే. పరీక్ష మారనిదే బోధన మారదని అంగీకరించేవారు అనేకులు, మార్చినవారు అరుదు. ఇక్కడ మార్చినది ప్రభుత్వ బడులలోనే, ప్రభుత్వోపాధ్యాయుల చేతనే. శిక్షణా శిబిరాలలో విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు వారి సరసన కూర్చొని అవే ప్రయోగాలు చేశారు. ‘నాకు తెలియదు, చేసి చూద్దాం’ అని పిల్లల ముందు అనగలగడం ఉపాధ్యాయులకు బహుశా అన్నిటికంటె కష్టమైన పాఠం. పిల్లలు తమ సందేహాలను ‘సవాలీరామ్’ అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా వ్రాసేవారు.

2002లో రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంతో ముప్పయి ఏండ్ల ఈ కార్యక్రమం నిలిచిపోయింది. ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాల స్థానంలో, రాష్ట్రమంతటా చదివే పాఠ్యపుస్తకమే ఆ బడులకూ వచ్చింది.