లోపమే ఉపాయమైన వేళ - ఎం.ఆర్.ఐ. పుట్టుక

మన శరీరం బరువులో సగానికి పైగా నీరేనన్న సంగతి మీకు తెలుసు. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ప్రోటాన్లు, చిన్న చిన్న అయస్కాంతాల వంటివి. వాటిని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి తగిన పౌనఃపున్యం గల రేడియో తరంగాలను పంపితే, అవి శక్తిని గ్రహించి తిరిగి సంకేతాలను వెలువరిస్తాయి. ఒక టెస్లా క్షేత్రంలో ఈ పౌనఃపున్యం సుమారు 42.6 మెగాహెర్ట్జ్. క్షేత్రం పెరిగితే అదీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి.

అమెరికాలో బ్లాక్, పర్సెల్ బృందాలు విడివిడిగా 1946లో ఈ అనునాదాన్ని ప్రకటించాయి. ఆ ఇద్దరికీ 1952లో నోబెల్ బహుమతి లభించింది. కేంద్రకం చుట్టూ ఉన్న పరమాణువులను బట్టి దాని పౌనఃపున్యం పది లక్షలలో కొన్ని వంతులు మాత్రమే మారుతుంది. ఆ స్వల్ప తేడాతో అణు నిర్మాణాన్ని తెలుసుకోవడమే స్పెక్ట్రోస్కోపీ. ఇందుకు నమూనా అంతటా క్షేత్రం ఒకే తీరుగా ఉండాలి. హెచ్చుతగ్గులుంటే అది లోపమే!

రేడియో తరంగం ఆగాక ప్రోటాన్లు యథాస్థితికి వచ్చే కాలం ఎలుకల కణితులలో ఎక్కువని 1971లో డమాడియన్ చూపాడు. కాని సంకేతం ఏ చోటి నుంచి వచ్చిందో తెలిసేదెలా? అదే ఏడాది సెప్టెంబరులో పాల్ లాటర్బర్ అనే రసాయన శాస్త్రజ్ఞునికి ఒక ఫలహారశాలలో ఉపాయం తట్టింది. క్షేత్రాన్ని కావాలనే ఒక వైపు నుంచి మరో వైపుకు క్రమంగా పెంచితే? ఒక్కో చోటికి ఒక్కో పౌనఃపున్యం వస్తుంది. అదే ఆ చోటికి చిరునామా!

ఆయన వ్యాసాన్ని 'నేచర్' పత్రిక మొదట తిప్పి పంపింది. ఆయన పట్టు విడవలేదు. 1973లో అది అచ్చయింది. భారజలం మధ్య ఉంచిన, మామూలు నీరు నింపిన రెండు సన్నని గొట్టాలే అందులోని బొమ్మ. ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డ్ ఈ చిత్రణకు గణిత పద్ధతులనూ, వేగాన్నీ సమకూర్చాడు. 2003 నోబెల్ ఈ ఇద్దరికే దక్కింది. తనను విస్మరించారని డమాడియన్ పత్రికల్లో ప్రకటనలిచ్చి నిరసించాడు. ఆ వాదం నేటికీ వినిపిస్తుంది.

స్పెక్ట్రోస్కోపీ మాత్రం వెనుకబడలేదు. 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుక కండరాన్ని నలగగొట్టకుండానే, అందులోని ఏ.టి.పి. వంటి ఫాస్ఫరస్ పదార్థాల సంకేతాలను పట్టుకున్నారు. నేడు ఒకే యంత్రం మెదడులో కణితి ఎక్కడుందో బొమ్మగా చూపుతుంది, అక్కడ ఏ రసాయనాలున్నాయో కూడా చెప్పగలదు.

మీ ప్రయోగశాలలో ఏదైనా 'లోపం' ఎదురైతే, దాన్ని తొలగించే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. అది మీకేమైనా చెబుతోందేమో!