పొదుగు: కోడి నుంచి నగ దాకా

కోడి గుడ్లను పొదుగుతుంది, కంసాలి నగలో రాయిని పొదుగుతాడు. రెండుచోట్లా అసలు అర్థం చుట్టూ కమ్మి పట్టి ఉంచడమేనని నా వాదన. తమిళంలో కోడి పొదగడాన్ని ‘అడై’ అంటారు. ఆ మాటకూ మూయడం, చేరడం అనే అర్థాలున్నాయి. పొదగడమంటే వేడి ఇవ్వడమే కదా, 37.5 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్ కూడా 21 రోజుల్లో పిల్లల్ని లేపుతుంది కదా అనవచ్చు. నిజమే. కానీ వేడి ఒక్కటే చాలదు. గుడ్లను తిప్పాలి, తేమ నిలపాలి. యంత్రం చేసేదంతా కోడిని చూసి నేర్చిందే. పొదుగుకు వచ్చిన పెట్టకు రొమ్ము ఈకలు రాలి, ఒంటి చర్మమే గుడ్లకు ఆనుతుంది. ఇంతకంటే దగ్గరగా కమ్ముకోవడం ఏముంటుంది?

పొదుగుడు కోడి వారాల తరబడి గుడ్లు పెట్టదు, నష్టమే అన్నది ఇంకో అభ్యంతరం. గుడ్లమ్ముకునే ఫారానికి అది సరైన లెక్క. అందుకే వైట్ లెగ్‌హార్న్‌లో ఆ గుణాన్ని ఎంపికతో దాదాపు పోగొట్టారు. పెరటి ఇంటి లెక్క వేరు. పిల్లలు లేచాక కూడా నాటుకోడి వాటిని రెక్కల కింద పొదువుకుంటుంది, గద్ద నుంచి కాస్తుంది, నేల గీరి మేత చూపిస్తుంది. కరెంటు ఖర్చు లేకుండా ఇన్ని పనులు చేసే పెట్టను నీళ్లలో ముంచి పొదుగు మాన్పించడం తొందరపాటు.